రొట్టెలో దాగిన కెమెరా: పీటర్ మగుబానె ఛాయాచిత్రాలు

1950ల ద్వితీయార్ధంలో దక్షిణాఫ్రికాలోని పశ్చిమ ట్రాన్స్‌వాల్ ప్రాంతంలో, జీరస్ట్ అనే చిన్న పట్టణంలో ఒక విచారణ జరిగింది. నల్లవారు ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన పాస్ పుస్తకాలనే అనుమతి పత్రాలు తీసుకోవడానికి నిరాకరించిన నల్లజాతి స్త్రీల మీద ప్రభుత్వం పెట్టిన కేసు అది. పత్రికల వాళ్లు ఫొటోలు తీయకూడదని అధికారులు ముందే తేల్చి చెప్పారు. ఆ పరిసరాల్లో ఒక నల్ల యువకుడు రొట్టె తింటూ తచ్చాడుతున్నాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. అతని చేతిలోని రొట్టెలో పై పెచ్చు తప్ప లోపలి మెత్తదనం లేదు. ఆ బోలులో లైకా 3జి కెమెరా ఉంది. అంచులు కొరుకుతున్నట్టు నటిస్తూనే అతను ఫొటోలు తీశాడు. తింటున్న రొట్టె తరిగిపోక మానదు కాబట్టి, అది అయిపోయాక పాల డబ్బా ఒకటి కొని కెమెరాను అందులోకి మార్చాడు. ఆ యువకుడి పేరు పీటర్ మగుబానె.

ఆయన గురించి రాసిన వారిలో చాలామంది ఈ సంఘటనను చమత్కారంగా చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నిజానికి అడగవలసిన ప్రశ్న ఆ ఎత్తు ఎందుకు పారింది అన్నది. తెల్లజాతి ఫొటోగ్రాఫర్ ఎవరైనా అలా కోర్టు దగ్గర రొట్టె కొరుకుతూ నిలబడితే వింతగా చూసేవారు. నల్లవాడు రొట్టె తింటూ గోడ వారగా నిలబడితే ఎవరో పనివాడు, యజమాని కోసం ఎదురుచూస్తున్నాడు అనుకున్నారు, లేదా అసలేమీ అనుకోలేదు. మనిషిని మనిషిగా చూడడం మానేసిన వ్యవస్థ తనకు తెలియకుండానే ఒక ఫొటోగ్రాఫర్‌కు కావలసిన మరుగును సమకూర్చిపెట్టింది. మగుబానె అరవై ఏళ్ల పనిని ఈ కోణంలో చూస్తే చాలా విషయాలు ఒక వరసలోకి వస్తాయి.

పాస్ చట్టాల గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. 1952లో తెచ్చిన చట్టం ప్రకారం పదహారేళ్లు నిండిన ప్రతి నల్లజాతి వ్యక్తీ ఒక పుస్తకం వెంట ఉంచుకోవాలి. ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పని చేస్తున్నాడు, ఏ పట్టణంలో ఉండడానికి అనుమతి ఉంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. యజమాని సంతకం ఉండాలి, వేలిముద్రలు ఉండాలి. అడిగిన చోట అది చూపించలేకపోతే జైలే. మొదట మగవారికి అమలైన ఈ నిబంధనను 1950ల మధ్యలో స్త్రీలకూ విస్తరించారు. దానికి నిరసనగా 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేల మంది స్త్రీలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనాల ముందు నిలబడ్డారు. ఆ ప్రదర్శనను ఫొటోలు తీసినవారిలో మగుబానె ఒకరు. పాస్ పుస్తకంలో తప్పనిసరిగా ఉండవలసిన మరో వస్తువు మనిషి ఫొటో. అంటే ప్రభుత్వానికి కెమెరా మీద ద్వేషమేమీ లేదు. నల్లవారి ముఖాలను ఎవరి కోసం, ఎవరు ఫొటో తీయాలన్న విషయంలోనే దానికి పట్టింపు.

మగుబానె 1932 జనవరి 18న జొహానెస్‌బర్గ్‌లోని వ్రెడెడోర్ప్‌లో పుట్టి, సొఫియాటౌన్‌లో పెరిగారు. తండ్రి గుర్రపు బండి మీద కూరగాయలు అమ్మేవారు. బడి రోజుల్లో తండ్రి కొనిచ్చిన కొడాక్ బ్రౌనీ డబ్బా కెమెరా ఆయన మొదటి పరికరం. సొఫియాటౌన్ ఆ కాలంలో నల్లవారు సొంతంగా భూమి కలిగి ఉండగలిగిన అరుదైన పేటల్లో ఒకటి. జాజ్ సంగీతం, సారా దుకాణాలు, రౌడీ ముఠాలు, రచయితలు అన్నీ అక్కడే ఉండేవి. 1955 ఫిబ్రవరిలో సాయుధ పోలీసులు వచ్చి జనాన్ని లారీల్లో ఎక్కించి దూరపు కాలనీలకు తరలించడం మొదలుపెట్టారు. ఇళ్లను నేలమట్టం చేసి, తెల్లవారి కోసం కట్టిన కొత్త పేటకు ట్రయంఫ్ అని, అంటే విజయం అని పేరు పెట్టారు. పేరు పెట్టడంలోనూ అంత నిర్లజ్జ చూపిన ప్రభుత్వాలు చరిత్రలో తక్కువ.

1954లో మగుబానె డ్రమ్ పత్రికలో చేరారు, డ్రైవర్‌గా. ఫొటోగ్రాఫర్ ఉద్యోగానికి దగ్గరగా చేరడానికి ఆయనకు దొరికిన దారి అదే. 1951లో మొదలైన డ్రమ్ నల్లజాతి పాఠకుల కోసం ఇంగ్లీషులో వెలువడే మాసపత్రిక. యాజమాన్యం తెల్లవారిదే అయినా రాసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా నల్లజాతి యువకులు. బెర్లిన్ నుంచి వలస వచ్చిన జర్గెన్ షాడెబర్గ్ అక్కడి ఫొటో విభాగాన్ని తీర్చిదిద్దారు. విలేకరి హెన్రీ న్ఖుమాలో రైతుల దగ్గర కూలివాడి వేషంలో చేరి బంగాళాదుంపల తోటల్లో జరుగుతున్న దౌర్జన్యాన్ని బయటపెట్టారు. ఫొటోగ్రాఫర్ బాబ్ గొసాని జైలు ఎదుటి మేడ మీదికి ఎక్కి, ఖైదీలను బట్టలు విప్పించి గంతులేయిస్తూ సోదా చేసే దృశ్యాన్ని దూరం నుంచి తీశారు. మారువేషం, చాటు, దూరపు మేడ ఇవన్నీ ఆ పత్రికలో రోజువారీ పని పద్ధతులు. రొట్టెలో కెమెరా అన్న ఊహ గాలిలోంచి పుట్టలేదు, ఆ కార్యాలయపు వాతావరణంలోంచే వచ్చింది.

డర్బన్ వైపు డ్రమ్ ఫొటోలు, కథనాలు చూసుకున్న మనిషి జి.ఆర్. నాయుడు అన్న సంగతి తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. 1860 నుంచి మద్రాసు రేవు దాటి నాటాల్ చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. అక్కడ ఇంటిపేరుగా స్థిరపడిన నాయుడు అన్న మాట ఆ వలసను ఇప్పటికీ గుర్తు చేస్తుంది. పేటలను జాతుల వారీగా విడగొట్టిన చట్టం ఆ కుటుంబాలనూ ఇళ్లు ఖాళీ చేయించింది. కాబట్టి డ్రమ్ చెప్పిన కథ నల్లవారిది మాత్రమే కాదు.

కొన్ని నెలల్లో మగుబానె డ్రైవర్ సీటు నుంచి డార్క్‌రూమ్‌కు, అక్కడి నుంచి 1955లో బ్లూమ్‌ఫాంటైన్‌లో జరిగిన, జాతి వివక్షపై పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ పార్టీ మహాసభకు వెళ్లారు. అది ఆయనకు మొదటి ముఖ్యమైన పని. 1958 నాటికి దేశంలో పత్రికా ఛాయాచిత్రాల బహుమతి గెలుచుకున్న తొలి నల్లజాతి దక్షిణాఫ్రికన్ అయ్యారు.

ఆ తొలి ఏళ్లలోనే, 1956లో, ఆయన పేరు ప్రపంచానికి తెలియజేసిన ఫొటో పుట్టింది. జొహానెస్‌బర్గ్‌లో సంపన్నులుండే ఒక వీధిలో కారులో వెళుతూ ఆయన ఒక బెంచీ చూశారు. బెంచీ మీద ఐరోపావారికి మాత్రమే అని రాసి ఉంది. బెంచీపై ఒక తెల్లజాతి చిన్నపిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్లను చూసుకునే నల్లజాతి ఆయా బెంచీకి రెండో వైపున కూర్చుని, వెనక నుంచి చేయి చాచి పిల్ల మెడ దగ్గర నిమురుతోంది. మగుబానె దగ్గర దూరపు లెన్స్ లేదు. దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. వెళ్లారు, తీశారు, వాళ్లతో ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేశారు. అనుమతి అడగడం తనకు అలవాటు లేదని, ఎవరైనా నొచ్చుకుంటే తర్వాత క్షమాపణ చెబుతానని, ఫొటో మాత్రం కావాలని ఆయన వృద్ధాప్యంలో వివరించారు.

ఈ చిత్రంలో హింస లేదు, పోలీసు లేడు, అరుపు లేదు. ఉన్నదల్లా ఒక చేయి, ఒక మెడ, మధ్యలో చెక్క పలక. పిల్లను నిమరడానికి ఆ స్త్రీకి అర్హత ఉంది, పిల్ల పక్కన కూర్చోవడానికి లేదు. స్నానం చేయించి, అన్నం పెట్టి, నిద్రపుచ్చే మనిషి అంటరానిది కాదు గానీ పక్కన కూర్చోరానిది. ఈ తర్కంలోని వంకరను వ్యాసంలో చెప్పాలంటే ఒక పేజీ కావాలి, ఫొటోలో ఒక బెంచీ చాలింది. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆయా ఎలాగైతే కళ్లెదుట ఉండి కూడా ఆ వీధికి కనిపించదో, ఆమెను ఫొటో తీసిన నల్లవాడూ అంతే. రొట్టె తినే మనిషిని జీరస్ట్‌లో ఎవరూ చూడనట్టే, ఇక్కడ బెంచీ వెనక మనిషినీ ఎవరూ చూడరు. ఆమెను చూసిన మొదటి వ్యక్తి అదే స్థితిలో ఉన్న మరో మనిషి.

పరికరం సంగతికి వస్తే, ఆనాడు డ్రమ్‌లో ఎక్కువగా వాడిన రోలైఫ్లెక్స్ కెమెరా నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూసేది. రీలుకు పన్నెండు ఫొటోలు. చిత్రం చక్కగా వస్తుంది, దాచడానికి వీలుండదు. లైకా అరచేతిలో ఇమిడేంత చిన్నది, లోపల లేచి పడే అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ, రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. రొట్టెలోనో పాల డబ్బాలోనో బోలు చేసిన బైబిల్‌లోనో ఉన్న కెమెరాకు కన్ను ఆనించి చూడడం కుదరదు. దూరాన్ని ముందే అంచనా కట్టి లెన్స్‌ను దానికి సరిపెట్టుకోవాలి, వెలుతురును కంటితోనే కొలుచుకోవాలి, మనిషి ఆ దూరంలోకి వచ్చే క్షణం కోసం కాచుకోవాలి. చేపలు పట్టేవాడి ఓపిక లాంటిది అది. అలాంటి చిత్రాల్లో అంచులు తెగిపోవడం, కోణం వాలడం సహజం. ఆ లోపాలు వాటి పరిస్థితికి సాక్ష్యాలు కూడా.

1960 మార్చి 21న షార్ప్‌విల్ అనే నల్లవారి పేటలో పాస్ చట్టాలకు వ్యతిరేకంగా గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు. చాలామందికి గుండ్లు వెనక నుంచి తగిలాయి, అంటే పారిపోతుండగా. కాల్పుల సమయంలో అక్కడ ఉన్న ఫొటోగ్రాఫర్ డ్రమ్‌కే చెందిన ఇయాన్ బెర్రీ. మగుబానె చేరుకునేసరికి నేల మీద శవాలు పడి ఉన్నాయి. అన్ని శవాలను ఆయన అంతకు ముందెన్నడూ చూడలేదు. దిగ్భ్రాంతితో దూరం నుంచే తీసి తిరిగి వచ్చారు. దగ్గరి చిత్రాలేవని ఎడిటర్ అడిగారు. ఆ ప్రశ్న తన వృత్తిని మార్చిందని మగుబానె తర్వాత చెప్పుకున్నారు. అప్పటి నుంచి పని ముందు, దుఃఖం తర్వాత అని ఆయన నిర్ణయించుకున్నారు. సామూహిక అంత్యక్రియల్లో వరసగా పేర్చిన శవపేటికల ఫొటో ఆ నిర్ణయానికి తొలి ఫలితం.

ఇది సులభంగా మెచ్చుకోదగిన నిర్ణయం కాదు. గాయపడ్డ మనిషి ముందు కెమెరా ఎత్తడం ఎంతవరకు తగునన్న ప్రశ్న పత్రికారంగంలో నేటికీ తెగలేదు. అయితే ఆ ప్రశ్నను మగుబానెకు వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. బయటి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ సాయంత్రానికి హోటలుకు వెళ్లి, వారానికి విమానం ఎక్కుతాడు. మగుబానె ఆ రాత్రి తిరిగి వెళ్లేది తాను ఫొటో తీసిన జనం ఉండే పేటకే. ఆయన జేబులోనూ అదే పాస్ పుస్తకం ఉంది.

1960ల ద్వితీయార్ధంలో ఆయన రాండ్ డైలీ మెయిల్ దినపత్రికలో చేరారు. అప్పటికి ప్రభుత్వం ఆయనను గుర్తుపట్టింది. ఇక మరుగు తొలగిపోయింది. 1969లో నెల్సన్ మండేలా భార్య విన్నీ మండేలాతో పాటు మరికొందరిని నిర్బంధించినప్పుడు ఆయననూ పట్టుకున్నారు. విచారణ పేరిట రోజుల తరబడి ఇటుకల మీద నిలబెట్టారు. మొత్తం 586 రోజులు ఏకాంత నిర్బంధంలో గడిపారు. 1970లో ఆరోపణలు నిలబడక బయటికి వచ్చారు, కానీ వెంటనే ఐదేళ్ల బ్యానింగ్ ఉత్తర్వు వచ్చి పడింది. బ్యానింగ్ అంటే జైలు కాదు, స్వేచ్ఛా కాదు. ఒకేసారి ఒకరికి మించి మనుషులను కలవకూడదు, చెప్పిన మాట ఏదీ అచ్చు కాకూడదు. మగుబానె విషయంలో కెమెరా కూడా ముట్టకూడదు. 1971లో మళ్లీ 98 రోజుల ఏకాంత నిర్బంధం, దాని వెంట ఆరు నెలల జైలు.

ముప్పై ఎనిమిది నుంచి నలభై మూడేళ్ల వయసు వరకు, ఏ ఫొటోగ్రాఫర్‌కైనా చేయి బాగా తిరిగి ఉండే వయసులో, ఆయన ఫొటో తీయలేదు. ఆయన జీవితంలో తీసిన చిత్రాలను లెక్కించేవారు ఈ తీయని చిత్రాలను కూడా ఒకవైపు పెట్టుకోవాలి. కోర్టులో నేరం నిరూపించలేని ప్రభుత్వం చివరకు ఆయన వృత్తినే నేరంగా ప్రకటించవలసి వచ్చింది.

నిషేధం 1975లో ముగిసింది. మరుసటి ఏడాది జూన్ 16న జొహానెస్‌బర్గ్ శివారులోని నల్లవారి పేట సొవెటోలో విద్యార్థులు రోడ్డెక్కారు. బడుల్లో సగం పాఠాలు పాలక తెల్లవారి భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఉత్తర్వు దానికి తక్షణ కారణం. ఆ రోజు సామ్ న్జీమా తీసిన, తుపాకి గుండు తగిలిన పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్‌ను చేతుల్లో మోసుకొస్తున్న యువకుడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. న్జీమా ఆ ఫిల్మును మేజోడులో దాచి కార్యాలయానికి చేర్చారు. చెత్తడబ్బాల మూతలను డాళ్లుగా పట్టుకున్న కుర్రాళ్లు, పరుగు తీస్తున్న గుంపులు, పోలీసు వాహనాల ముందు చేతులెత్తిన పిల్లలు మగుబానె చిత్రాల్లో కనిపిస్తారు. ఆయన మొదట ఎదుర్కొన్న అడ్డంకి పోలీసులు కాదు, విద్యార్థులే. ఫొటోలు పోలీసుల చేతికి చిక్కితే తమను గుర్తుపడతారన్నది వాళ్ల భయం, అది నిష్కారణమైన భయం కూడా కాదు. నమోదు కాని పోరాటం పోరాటమే కాదని ఆయన వాళ్లకు నచ్చజెప్పారు. ఆ వారాల్లో పోలీసులు కొట్టిన దెబ్బలకు ఆయన ముక్కు విరిగింది, మళ్లీ నిర్బంధం ఎదురైంది.

సొవెటో చిత్రాల మీద వచ్చిన గుర్తింపుతో ఆయనకు అమెరికా దారి తెరుచుకుంది. 1978లో న్యూయార్క్‌లో ఆయన పుస్తకం వెలువడింది, టైమ్ పత్రికకూ ఐక్యరాజ్యసమితి సంస్థలకూ పని చేశారు. ఇక్కడ ఎర్నెస్ట్ కోల్ గుర్తుకు రాక మానడు. డ్రమ్‌లో షాడెబర్గ్ దగ్గరే పని నేర్చిన కోల్ 1966లో దేశం వదిలి, నెగటివ్‌లు బయటికి చేర్చి, 1967లో న్యూయార్క్‌లో వెలువరించిన పుస్తకం జాతి వివక్ష మీద వచ్చిన అతి శక్తిమంతమైన ఛాయాచిత్ర గ్రంథాల్లో ఒకటి. పుస్తకాన్ని దక్షిణాఫ్రికా నిషేధించింది, కోల్ పాస్‌పోర్టు రద్దు చేసింది. పరాయి దేశంలో అతని కెమెరా మెల్లగా మూగబోయింది. ఇల్లు లేక, పని లేక తిరిగి, మండేలా విడుదలైన ఎనిమిది రోజులకు 1990 ఫిబ్రవరి 19న న్యూయార్క్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. కూర్పులోనూ, ఒక్క చిత్రంలో పట్టే సాంద్రతలోనూ కోల్ చేతి పదును మగుబానె కంటే ఎక్కువని ఒప్పుకోవడానికి సంకోచించనక్కర్లేదు. కానీ కోల్ దగ్గర ఉన్నది ఎనిమిదేళ్ల దక్షిణాఫ్రికా. మగుబానె దగ్గర ఉన్నది నలభై ఏళ్లది. వెళ్లిపోగలిగే అవకాశం ఉన్నప్పుడు కూడా ఆయన మళ్లీ మళ్లీ తిరిగి వచ్చారు.

తిరిగి రావడానికి మూల్యం ఉంది. 1985లో జొహానెస్‌బర్గ్ సమీపంలోని నేటల్‌స్ప్రూట్‌లో ఒక విద్యార్థి అంత్యక్రియలను ఫొటో తీస్తుండగా పోలీసుల తూటా రవ్వలు ఆయన శరీరంలో 17 చోట్ల దిగాయి. 1992లో, పరివర్తన దగ్గరపడిన కాలంలో పేటల్లో చెలరేగిన హింసలో ఆయన కుమారుడు చార్ల్స్ సొవెటోలో హత్యకు గురయ్యాడు. అతనూ ఫొటోగ్రాఫరే. ఇతరుల దుఃఖం ముందు చేయి వణకకూడదని షార్ప్‌విల్ తర్వాత నియమం పెట్టుకున్న మనిషికి ఈ దుఃఖం ముందు ఏ నియమం పనికొచ్చి ఉంటుందో బయటివారు ఊహించకపోవడమే మర్యాద.

1990లో మండేలా విడుదలయ్యాక 1994లో అధ్యక్షుడయ్యే వరకు మగుబానె ఆయనకు అధికారిక ఫొటోగ్రాఫర్. జీవితకాలం కెమెరా దాచిన మనిషి మెడలో ఇప్పుడు అందరికీ కనిపించేలా కెమెరా వేలాడింది. 1999లో ప్రభుత్వం జాతీయ పురస్కారంతో గౌరవించింది. ఈ దశలోని చిత్రాలు చరిత్రకు అవసరమైనవే గానీ, ముందటి చిత్రాల్లోని బిగువు వీటిలో వెతికినా దొరకదు. దాగి చూసే కన్నుకూ, అనుమతితో చూసే కన్నుకూ తేడా ఉంటుంది.

అటు తర్వాత ఆయన రాజకీయాల నుంచి మరలి, దేశంలోని వివిధ జాతుల వేషధారణలను, పండుగలను, గోడల మీది రంగుల చిత్రలేఖనాన్ని రంగుల ఫొటోల్లో నమోదు చేస్తూ పోయారు. అంతరించిపోతున్న సంస్కృతుల గురించిన ఆయన పుస్తకం 1998లో వచ్చింది. చూడముచ్చటైన పుస్తకమే. కాకపోతే ఒక ఇబ్బందికరమైన ప్రశ్నను అది పక్కకు నెట్టలేకపోయింది. నల్లవారిని తెగలుగా విడగొట్టి, ఒక్కో తెగకు ఒక్కో మూల కేటాయించి, వేషభాషలను అందుకు సాకుగా చూపింది పాత ప్రభుత్వమే. అదే విభజన గీతల వెంట నడుస్తూ తీసిన ఫొటోలు ఆ గీతలను ఎంతవరకు చెరుపుతాయి, ఎంతవరకు దిద్దుతాయి? తమ సంపదను తామే నమోదు చేసుకునే హక్కు నల్లవారికి దక్కిందనడం మగుబానె పక్షాన చెప్పదగిన సమాధానం. అది సగం సమాధానమే. ఆయన మీద గౌరవం ఉన్నంత మాత్రాన మిగతా సగాన్ని దాటవేయనక్కర్లేదు.

2024 జనవరి 1న, తొంభై రెండో పుట్టినరోజుకు రెండు వారాల ముందు, మగుబానె మరణించారు. సంస్మరణల్లో పత్రికలు గుర్తు చేసుకున్న చిత్రాల్లో శవపేటికల వరుస ఉంది, సొవెటో పిల్లలు ఉన్నారు, తప్పకుండా ఆ బెంచీ ఉంది. 1956లో ఆ వీధిలో ఆయన మాట కలపలేదు కాబట్టి ఆయా పేరు అడగలేదు, పిల్ల పేరూ అడగలేదు. పక్కన కూర్చోవడానికి వీల్లేని ఆ స్త్రీ చేయి ఇప్పటికీ చెక్క పలక మీదుగా ఆ పిల్ల మెడ వైపు చాచి ఉంది.